అణు వ్యర్థాల డబ్బాకు మూత ఎలా వేస్తారు? ఆ చివరి అతుకు వెనకున్న పనిముట్ల కథ

'అణు వ్యర్థాలు' అన్న వార్త డెస్క్‌కు వచ్చిందంటే మేం చేసే మొదటి పని పసుపు రంగు డ్రమ్ము ఫొటో వెతకడం. దాని మీద నల్లటి మూడు రేకుల గుర్తు, కింద ఆకుపచ్చ ద్రవం కారుతూ ఉంటే మరీ మంచిది. ఈ కథనానికి కూడా అదే ఫొటో తీసి పెట్టుకున్నాను. విషయం చదవడం మొదలుపెట్టాక తీసేశాను. ఎందుకంటే దీర్ఘకాలం దాచడానికి సిద్ధం చేసిన అత్యంత ప్రమాదకరమైన వ్యర్థం కారే స్థితిలో ఉండదు. అది గట్టి గాజు దిమ్మగా ఉంటుంది, లేదంటే లోహపు గొట్టాల్లో పేర్చిన పింగాణీలాంటి బిళ్లలుగా ఉంటుంది. దాన్ని వేసే డబ్బా కూడా రేకు డ్రమ్ము కాదు. మందపాటి స్టీలు, పోత ఇనుము, రాగి.

మరి భయం దేని గురించి? మూత గురించి.

మీ ఇంట్లో ఆవకాయ జాడీనే చూడండి. జాడీ పగిలి ఊరగాయ పాడవడం ఎప్పుడో గానీ జరగదు. బూజు పట్టిందంటే మూత సరిగా పడలేదనో, వాసెన వదులైందనో అర్థం. అణు వ్యర్థాల డబ్బాకూ ఇదే వర్తిస్తుంది. డబ్బా గోడను ఫ్యాక్టరీలో తీరిగ్గా తయారు చేసి, పదిసార్లు పరీక్షించి, నచ్చకపోతే పక్కన పడేయొచ్చు. మూత అతుకు అలా కాదు. వ్యర్థం లోపల పడ్డాకే దాన్ని వేయాలి. అప్పటికి ఆ డబ్బా దగ్గరకు మనిషి వెళ్లలేడు.

చేయి పెట్టలేని చోట పని

రియాక్టర్ నుంచి తీసిన ఇంధనాన్ని కొన్నేళ్లు నీటి కొలనులో చల్లార్చినా, ఏ అడ్డూ లేకుండా దాని పక్కన నిలబడితే నిమిషాల్లోనే ప్రాణాంతకమైన మోతాదు రేడియేషన్ తగులుతుంది. కాబట్టి పనంతా 'హాట్ సెల్' అనే గదిలో జరుగుతుంది. మీటరుకు పైగా మందం ఉన్న కాంక్రీటు గోడలు, సీసం కలిపిన మందపాటి గాజు కిటికీ, గోడలోంచి లోపలికి దిగే యాంత్రిక చేతులు. బయట ఆపరేటర్ పిడి కదిపితే లోపల ఉక్కు వేళ్లు కదులుతాయి.

ఈ గదిలోకి మామూలు వెల్డింగ్ మెషిన్ పంపితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. రేడియేషన్ మనిషికే కాదు, పనిముట్లకూ పడదు. మామూలు కెమెరా లెన్సు కొద్ది రోజుల్లో గోధుమ రంగుకు తిరిగి మసకబారుతుంది. రబ్బరు గట్టిపడి పగులుతుంది. టెఫ్లాన్ పొడిపొడి అవుతుంది. గ్రీజు చిక్కబడుతుంది. ఎలక్ట్రానిక్ చిప్పులు తప్పుడు లెక్కలు చెప్పడం మొదలుపెడతాయి. అందుకే ఇలాంటి పనిముట్లలో వీలైనంత వరకు మోటార్ల వైర్లు, కంట్రోల్ బోర్డులు గోడ బయటే ఉంచుతారు. లోపల ఉండేది ఉక్కు, పళ్ల చక్రాలు, విప్పి మార్చుకోగలిగే భాగాలు.

ఇంకో నియమం ఉంది. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం ఇదే. లోపలికి పంపే ప్రతి పనిముట్టుకూ 'మధ్యలో ఆగిపోతే దీన్ని బయటకు ఎలా లాగాలి?' అన్న ప్రశ్నకు జవాబు ముందే ఉండాలి. పై నుంచి క్రేన్ కొక్కెం తగిలించడానికి రింగు, కళ్లతో సరిగా చూడకపోయినా తనంతట తానే గాడిలో పడేలా శంకువు ఆకారపు గైడు పిన్నులు, యాంత్రిక చేతి వేళ్లకు అందేంత పెద్ద బోల్టు తలలు. ఇవేవీ మెషిన్ బొమ్మలో అందంగా కనిపించవు గానీ, అవి లేకపోతే పాడైన మెషినే ఇంకో అణు వ్యర్థమై గదిలో కూర్చుంటుంది. అందుకే అసలు పని మొదలయ్యే ముందు అదే కొలతలతో డమ్మీ గది కట్టి, ఖాళీ డబ్బాల మీద నెలల తరబడి సాధన చేస్తారు.

మన దేశంలో: గాజు పోసి, 'ఆర్గాన్ వెల్డింగ్' చేసి

మన దేశం వాడేసిన ఇంధనాన్ని నేరుగా పాతిపెట్టదు. దాన్ని కరిగించి, అందులోని యురేనియం, ప్లుటోనియం మళ్లీ వాడుకోవడానికి వేరు చేస్తుంది. చివరికి మిగిలే తీవ్ర రేడియోధార్మిక ద్రవాన్ని బోరోసిలికేట్ గాజుతో కలిపి దాదాపు 1,000 డిగ్రీల వేడిలో కరిగించి స్టెయిన్‌లెస్ స్టీలు క్యానిస్టర్లలో పోస్తారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఈ ప్లాంట్లున్నాయి.

గాజు నెమ్మదిగా చల్లారాక మూత పెట్టి హాట్ సెల్‌లోనే దూరం నుంచి అతుకుతారు. వాడేది టిగ్ వెల్డింగ్. మన ఆటోనగర్‌లలో 'ఆర్గాన్ వెల్డింగ్' అంటారే, అదే. తేడా ఏంటంటే ఇక్కడ వెల్డర్ చేయి ఉండదు. టార్చి మూత చుట్టూ తనే తిరుగుతుంది. కరెంటును ఒకే ధారగా కాకుండా ఎక్కువ తక్కువ దెబ్బలుగా ఇస్తారు. దానివల్ల కరిగిన లోహం జారిపోకుండా, ఒక్కో చుక్కా కొంచెం గట్టిపడ్డాక పక్క చుక్క పడుతుంది. చూసి సరిచేసే మనిషి పక్కన లేనప్పుడు ఈ పద్ధతి నమ్మదగింది. ఆ తర్వాత క్యానిస్టర్ పైభాగం కడిగి, తుడిచి, ఆ తుడిచిన గుడ్డకు రేడియోధార్మికత అంటిందేమో కొలుస్తారు. ఇలాంటి క్యానిస్టర్లను మరో పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి దాని మూతనూ వెల్డ్ చేస్తారు. తర్వాత అవి గాలి ప్రవాహంతోనే చల్లబడే భూగర్భ అరల్లో దశాబ్దాల పాటు ఉంటాయి. ఫ్యాన్లు ఉండవు. వేడెక్కిన గాలి చిమ్నీ గుండా పైకి పోతుంటే చల్లగాలి తనే లోపలికి వస్తుంది. కరెంటు పోయినా ఆగదు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఈసీఐఎల్ వైపు వెళ్లినప్పుడు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ గేటు చూసే ఉంటారు. ఈ గొలుసులో మొట్టమొదటి సీలు పడేది అక్కడే. యురేనియం బిళ్లలు నింపిన సన్నటి జిర్కోనియం మిశ్రమ లోహపు గొట్టాలకు రెండు చివర్లా బిరడాలు పెట్టి విద్యుత్ నిరోధక వెల్డింగ్‌తో మూసేస్తారు. 220 మెగావాట్ల రియాక్టరుకు వెళ్లే ఒక్కో ఇంధన కట్టలో అలాంటి గొట్టాలు 19, 700 మెగావాట్ల దానికైతే 37. ఆ సమయానికి ఇంధనం కొత్తది, దగ్గరుండి పని చేసుకోవచ్చు. అదే గొట్టం రియాక్టర్‌లో కాలి వచ్చాక ఎవరూ దాన్ని ముట్టుకోలేరు.

కరిగించకుండా అతికించే స్వీడన్ పద్ధతి

స్వీడన్, ఫిన్లాండ్ దారి వేరు. వాడేసిన ఇంధనాన్ని అలాగే డబ్బాలో పెట్టి, 400 నుంచి 500 మీటర్ల లోతున గట్టి రాతిలో పాతిపెట్టాలన్నది వాళ్ల నిర్ణయం. కనీసం లక్ష ఏళ్లు అది అక్కడ ఉండాలి. లక్ష ఏళ్ల క్రితం మనిషి ఇంకా రాతి పనిముట్లతోనే ఉన్నాడు. అంత కాలానికి గ్యారంటీ రాయాల్సిన వెల్డింగ్ ఇంజినీరు పరిస్థితి ఊహించుకోండి.

వాళ్లు ఎంచుకున్న డబ్బా పొడవు ఐదు మీటర్లకు కొంచెం అటూ ఇటూ, వ్యాసం 1.05 మీటర్లు. లోపల పోత ఇనుము, బయట 5 సెంటీమీటర్ల మందం రాగి. ఇంధనంతో నిండాక ఒక్కోటి దాదాపు 25 టన్నులు. ఇనుము రాతి ఒత్తిడిని తట్టుకోవడానికి, రాగి తుప్పును ఆపడానికి. ఆక్సిజన్ లేని భూగర్భ నీటిలో రాగి చాలాకాలం చెక్కు చెదరకుండా ఉంటుందన్నది వాళ్ల లెక్క.

కానీ రాగిని వెల్డ్ చేయడమే పెద్ద తలనొప్పి. ఇత్తడి, రాగి సామాను బాగుచేసే వాళ్లను అడిగితే చెబుతారు. రాగికి ఒకచోట వేడి పెడితే అక్కడ నిలవదు, మొత్తం ముద్దకు పాకిపోతుంది. 5 సెంటీమీటర్ల మందం రాగిని అంచు నుంచి లోపలి దాకా కరిగించాలంటే ఎంత వేడి కావాలో చూడండి. మొదట ఎలక్ట్రాన్ కిరణంతో ప్రయత్నించారు. అది పని చేసింది. కాకపోతే కరిగి మళ్లీ గడ్డకట్టిన రాగిలో బుడగలు, పెద్ద పెద్ద రేణువులు మిగిలే అవకాశం ఉంది.

అప్పుడు ముందుకొచ్చింది ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్. అంటే రాపిడితో మెత్తబరిచి కలియదిప్పడం. దీన్ని 1991లో బ్రిటన్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో కనిపెట్టారు. పలుచటి అల్యూమినియం పలకలకు బాగా పనికొచ్చి ఓడలు, రైళ్లు, రాకెట్ ట్యాంకుల తయారీలోకి వెళ్లింది. మందపాటి రాగికి దాన్ని సాగదీసిన పని ఎక్కువగా స్వీడన్‌లో, ఆస్కర్స్‌హామ్ ఓడరేవు ఊళ్లోని క్యానిస్టర్ ల్యాబొరేటరీలో జరిగింది. అక్కడి అణు వ్యర్థాల కంపెనీ ఎస్‌కేబీ 2005లో ఈ పద్ధతినే ఖాయం చేసుకుంది. ఫిన్లాండ్ కంపెనీ పోసివా మొదట ఎలక్ట్రాన్ కిరణం వైపే ఉన్నా తర్వాత ఇటే వచ్చింది.

పద్ధతి చెప్పడానికి తేలిక. రొట్టెల పిండి ముద్దలు రెండు పక్కపక్కన పెట్టి, కలిసే చోట వేలు గుచ్చి తిప్పుతూ పోతే రెండూ ఒకటవుతాయి కదా. ఇక్కడ వేలు బదులు లోహపు మొన. అది రాగిలోకి 5 సెంటీమీటర్ల లోతు దిగి, నిమిషానికి కొన్ని వందల సార్లు తిరుగుతూ, అతుకు వెంబడి మెల్లగా నడుస్తుంది. రాపిడికి రాగి దాదాపు 850 డిగ్రీలకు వేడెక్కి మైనంలా మెత్తబడుతుంది. రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గర. అంటే ఎక్కడా కరగదు. కరగలేదు కాబట్టి గడ్డకట్టేటప్పుడు వచ్చే బుడగల గొడవ లేదు. రేణువులు కూడా సన్నగా వస్తాయి.

మరి ఆ మొన సంగతి? 850 డిగ్రీల వేడిలో, టన్నుల లెక్కన ఒత్తిడిలో, ముప్పావు గంట పాటు ఆగకుండా తిరగాలి. మామూలు ఉక్కు మెత్తబడిపోతుంది. అందుకే మొనకు జెట్ ఇంజిన్లలో వాడే జాతి నికెల్ మిశ్రమ లోహం, దాని భుజానికి టంగ్‌స్టన్ మిశ్రమం వాడారు. అయినా ఉష్ణోగ్రత మీద కన్నేసి ఉంచాలి. రాగి చల్లగా ఉంటే మొన విరగొచ్చు. మరీ వేడెక్కితే అతుకులో లోపాలొస్తాయి. భద్రంగా పనిచేసే హద్దు సుమారు 790 నుంచి 910 డిగ్రీల మధ్యే. పైగా చుట్టు మొదలుపెట్టినప్పుడు డబ్బా చల్లగా ఉంటుంది, చుట్టు పూర్తయ్యేసరికి మూత మొత్తం కాలుతూ ఉంటుంది. ఒకే వేగంతో తిప్పితే చివర్లో హద్దు దాటిపోతుంది. కాబట్టి కంప్యూటర్ ఎప్పటికప్పుడు మొన వేడి చూసుకుంటూ తిరిగే వేగాన్ని సర్దుతుంది. అతుకు చుట్టూ ఆర్గాన్ వాయువు నింపుతారు. లేకపోతే వేడి రాగి మీద ఆక్సైడ్ పొర ఏర్పడి, మొన దాన్ని అతుకు లోపలికి కలిపేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. చుట్టు తిరిగిన మొనను చివరికి బయటకు లాగాలి కదా. లాగిన చోట 5 సెంటీమీటర్ల లోతు గుంట మిగులుతుంది. సీలు వేయడానికి వచ్చిన పనిముట్టే చిల్లు పెట్టి వెళ్లినట్టు. దీనికి వాళ్లు కనిపెట్టిన పరిష్కారం భలే ఉంటుంది. మూతను కావాలనే కాస్త ఎత్తుగా చేస్తారు. మొన పైన, అతుకుకు దూరంగా మూత ఒంట్లో దిగుతుంది. వేడెక్కాక కిందికి వచ్చి అతుకు వెంట పూర్తి చుట్టు తిరుగుతుంది. మొదలుపెట్టిన చోటు దాటాక మళ్లీ పైకెక్కి అక్కడ బయటకు వస్తుంది. గుంట ఆ ఎత్తు భాగంలోనే ఉండిపోతుంది. తర్వాత ఆ భాగాన్ని లేత్ పని చేసినట్టు చెక్కి పారేస్తారు.

అతుకు బాగుందో లేదో చూడటానికి కోసి చూడలేరు. అల్ట్రాసౌండ్, శక్తిమంతమైన ఎక్స్‌రే, ఉపరితలానికి విద్యుత్ ప్రవాహాల పరీక్ష, మూడూ చేస్తారు. రాగిలో పెద్ద రేణువులుంటే అల్ట్రాసౌండ్ చెదిరిపోయి సరిగా కనిపించదు. ఇందాక చెప్పిన సన్నటి రేణువులు ఇక్కడ రెండోసారి పనికొస్తాయి. పరీక్షలో తప్పిన డబ్బాను వెనక్కి పంపి, తెరిచి, ఇంధనాన్ని వేరే డబ్బాకు మార్చాల్సిందే.

ఫిన్లాండ్‌లోని ఓల్కిలువోటోలో పోసివా కట్టిన 'ఓంకలో' కేంద్రం 2024 ఆగస్టులో డమ్మీ ఇంధనంతో ట్రయల్ రన్ మొదలుపెట్టింది. 6,500 టన్నుల ఇంధనం, మూడు వేలకు పైగా డబ్బాలు దాచాలన్నది ప్రణాళిక. స్వీడన్‌కు దాదాపు 6,000 డబ్బాలు కావాలి. అంటే ఒక్క మూత గొప్పగా వేస్తే చాలదు. అదే మూతను వేల సార్లు, ఏళ్ల తరబడి, చేతులు మారినా అంతే బాగా వేయాలి.

మూత లేచిపోయిన రోజు

పనిముట్టు ఎంత మంచిదైనా చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూసుకోకపోతే ఏమవుతుందో అమెరికాలో తెలిసింది. అక్కడ వాడేసిన ఇంధనాన్ని ఇప్పటికి ప్లాంట్ల దగ్గరే స్టీలు డబ్బాల్లో, చుట్టూ కాంక్రీటు పెట్టి ఉంచుతున్నారు. డబ్బాను నీటి కొలనులోనే నింపి, నీటిలోనే మూత పెట్టి, పైకి తీసి వెల్డ్ చేస్తారు. తర్వాత నీరు తోడి, ఆరబెట్టి, హీలియం నింపుతారు.

1996 మే 28న విస్కాన్సిన్ రాష్ట్రంలోని పాయింట్ బీచ్ ప్లాంటులో అలాగే మూత వెల్డింగ్ మొదలుపెట్టారు. ఆర్క్ వెలిగించగానే లోపల చేరిన హైడ్రోజన్ అంటుకుంది. దాదాపు 3 టన్నుల మూత కొన్ని అంగుళాలు పైకి లేచి ఒక పక్కకు ఒరిగింది. ఎవరికీ గాయాలు కాలేదు, రేడియోధార్మికత బయటకు రాలేదు. హైడ్రోజన్ ఎక్కడిదని చూస్తే, డబ్బా లోపల తుప్పు పట్టకుండా వేసిన జింకు పూత బోరిక్ ఆమ్లం కలిపిన కొలను నీటితో చర్య జరిపింది. రంగు ఎంచిన వాళ్లు తుప్పు గురించి ఆలోచించారు, వెల్డింగ్ వాళ్లు అతుకు గురించి ఆలోచించారు. ఈ రెండూ కలిసే చోటు ఎవరి ఖాతాలోనూ లేదు. ఆ తర్వాతే అమెరికా అణు నియంత్రణ సంస్థ పూతలు, నీరు, వాయువుల సంగతి తేల్చమని కంపెనీలకు రాసింది. మూత కింద చేరే వాయువును కొలవడం, జడ వాయువుతో ఊదడం వెల్డింగ్ పనిలో భాగమయ్యాయి.

అసలు గట్టిగా మూయకూడని డబ్బాలు కూడా ఉన్నాయి. తక్కువ తీవ్రత ఉండి, లోపల వాయువు పుట్టే వ్యర్థాల డ్రమ్ములకు మూతలో ఫిల్టర్ పెడతారు, ఒత్తిడి పెరగకుండా. అదీ అన్నివేళలా కాపాడదు. 2014 ఫిబ్రవరి 14న న్యూమెక్సికోలోని భూగర్భ కేంద్రం విప్‌లో ఒక డ్రమ్ము మూత తెరుచుకుని రేడియోధార్మిక ధూళి బయటపడింది. వ్యర్థంలోని నైట్రేట్ లవణాల తేమ పీల్చడానికి మట్టితో చేసిన పిల్లి ఇసుక వేయాల్సింది పోయి, గోధుమలతో చేసిన సేంద్రియ రకం వేశారు. రెండూ కలిసి లోపల వేడి పుట్టింది. ఆ కేంద్రం దాదాపు మూడేళ్లు మూతపడింది. మూత తప్పేమీ లేదక్కడ.

జర్మనీ వాళ్ల కాస్టర్ డబ్బాలకు వెల్డింగే ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు బోల్టు మూతలు, లోహపు సీళ్లు. రెండు మూతల మధ్య హీలియం నింపి ఒత్తిడి మీటరు పెడతారు. ఏ సీలు కారినా ఒత్తిడి తగ్గి అలారం మోగుతుంది. తాత్కాలిక నిల్వకు ఇది తెలివైన ఏర్పాటు. పాతిపెట్టాక మీటరు చూసేవాళ్లుండరు కాబట్టి అక్కడ పనికిరాదు.

అతుకు సరే, రాగి నిలుస్తుందా?

స్వీడన్‌లో గొడవంతా అతుకు మీద కాదు, రాగి మీద వచ్చింది. ఆక్సిజన్ లేకున్నా రాగి నీటిలో తుప్పు పడుతుందని స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఎస్‌కేబీ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వాదన సాగింది. 2018 జనవరిలో పర్యావరణ కోర్టు డబ్బా మన్నిక మీద మరిన్ని ఆధారాలు కావాలంది. అదే సమయంలో అణు భద్రత సంస్థ మాత్రం అనుమతి ఇవ్వొచ్చంది. ప్రభుత్వం 2022 జనవరిలో ఆమోదించింది. ఫోర్స్‌మార్క్ దగ్గర తవ్వకం పనులు 2025 జనవరిలో మొదలయ్యాయి. ఆలస్యమైందని విసుక్కున్న వాళ్లున్నారు. లక్ష ఏళ్ల డబ్బాకు నాలుగేళ్ల వాదన ఎక్కువేమీ కాదని నాకనిపిస్తుంది.

ఇది మీ ఊరికి వస్తే

మన దేశంలో ఇంకా లోతైన శాశ్వత భూగర్భ కేంద్రం లేదు. వ్యర్థం పరిమాణం తక్కువ కాబట్టి ఇప్పటికిప్పుడు అవసరం లేదన్నది అణుశక్తి విభాగం మాట. అంటే మన తరం వరకు ఆ వెల్డ్ చేసిన స్టీలు మూతలు, వాటిని కాపలా కాసే మనుషులే ఏర్పాటు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అణు విద్యుత్ కేంద్రాలు ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సిన ప్రాజెక్టుల్లో ఉన్నాయి. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ అందుబాటులో ఉండాలి.

అలాంటి సభల్లో భూమి, పరిహారం, ఉద్యోగాల మీద ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి, రావాలి కూడా. వాటితో పాటు ఆ తెలుగు సారాంశంలో వ్యర్థాల పేజీ తీసి ఇవి కూడా అడగండి. వాడేసిన ఇంధనం కొలనులో ఎన్నేళ్లుంటుంది, ఆ తర్వాత ఎక్కడికి వెళ్తుంది? డబ్బా మూత వెల్డింగా, బోల్టులా? అతుకును ఏ పరీక్షతో, ఎవరు తనిఖీ చేస్తారు? సీలు కారితే ఎలా తెలుస్తుంది, తెలిశాక ఆ డబ్బాను తెరవడానికి కావాల్సిన హాట్ సెల్ ఎంత దూరంలో ఉంది? 'పూర్తిగా సురక్షితం' అన్న జవాబు వస్తే, చివరి ప్రశ్నను ఇంకోసారి అడగండి.